మాడు చికెన్ ఎవరిది

బస్ డిపోకి ఎదురుగా, టైర్ల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆ హోటలు. పన్నెండు బల్లలు, గోడకి ఒక అద్దం, చేతులు కడుక్కునే చోట ఎప్పుడూ కారే కొళాయి. అక్కడికొచ్చే వాళ్లలో పదిమందిలో ఎనిమిది మంది అడిగేది ఒక్కటే, మాడు చికెన్. కొత్తవాళ్లు ప్లేటు చూడగానే ఇదేంటి మాడ్చేశారు అని మొహం చిట్లించేవారు. తెల్లగా ఉడికిన చికెన్ మీద నల్లటి వెల్లుల్లి రేకులు, పక్కన రెండు రొట్టె ముక్కలు. ఒక ముక్క నోట్లోకి వెళ్లాక మాట్లాడడం మానేసేవారు.

దాన్ని వండే ఆమె మొహం మాత్రం ఎవరికీ తెలియదు. వంటగదికీ బల్లలకీ మధ్య గోడలో ఒక కంత ఉండేది. అందులోంచి ప్లేటుతోపాటు రెండు చేతులు కనపడేవి, కుడి మణికట్టు మీద నూనె చిందిన పాత మచ్చతో. ఇరవై రెండేళ్లుగా అవే చేతులు. సర్వర్లు ఆమెను వంటక్క అనేవారు.

ఆ వంటకం పుట్టిన రోజు వంటక్క మర్చిపోదు. పనిలో చేరిన రెండో ఏడు. మధ్యాహ్నం గిరాకీ మొదలైంది. పొయ్యి మీద వెల్లుల్లి వేగుతోంది. వంటగది గోడకున్న ఫోను మోగింది. అవతల తమ్ముడు.

"అక్కా, నాన్న పోయాడు."

అప్పటి ఓనరు, అందరూ పెద్దాయన అనే మనిషి, గుమ్మంలో నిలబడి విన్నాడు. చెడ్డవాడేం కాదు. అయినా అన్నాడు, "బయట పద్నాలుగు మంది కూర్చున్నారమ్మా. ఈ పూట గడిపేసి వెళ్లు." ఆమె ఫోను పెట్టేసి పొయ్యి వైపు తిరిగేసరికి వెల్లుల్లి నల్లబడింది. వంటగదిలో మరో రెబ్బ లేదు. మరీ బొగ్గయిన వాటిని ఏరి పారేసి, మిగిలినవి ఉప్పుతో నలిపి, చేదు విరగడానికి రెండు నిమ్మకాయలు పిండి, వెన్న వేసి చికెన్ మీద పరిచి కంతలోంచి తోసేసింది. ఎవరో వచ్చి తిడతారనే అనుకుంది. ఒక లారీ డ్రైవరు ఖాళీ ప్లేటు తిరిగి కంతలో పెట్టి, "ఇంకోటి ఇదే ఇవ్వండి" అన్నాడు.

గిరాకీ అయ్యాక చేతులు తుడుచుకుని బస్సెక్కింది. ఆమె వెళ్లేసరికి అక్కడ అంతా అయిపోయింది. తండ్రి మొహం ఆఖరిసారి చూడలేదు.

ఈ సంగతి ఇంట్లోవాళ్లకి కాక ఆమె చెప్పుకున్నది ఒక్కరికే. పెద్దాయన భార్యకి. ఆవిడని పెద్దక్క అని పిలిచేది. ఒక ఉదయం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వెల్లుల్లి వలుస్తుంటే నోరు జారి చెప్పేసింది. పెద్దక్క తన కొంగుతోనే ఆమె కళ్లు తుడిచింది.

పెద్దాయన పోయాక హోటలు కొడుకు చేతికి వచ్చింది. పదేళ్ల పిల్లాడప్పటి నుంచీ వంటక్కను పిన్నీ అని పిలిచినవాడే. ఓనరయ్యాక కూడా అలాగే పిలిచేవాడు. అదే సమయంలో రోడ్డుకి అవతల ఎర్ర బోర్డుతో ఒక పెద్ద కంపెనీ ఫాస్ట్‌ఫుడ్ షాపు తెరిచింది. కాగితం బకెట్లలో వేయించిన కోడి కాళ్లు, చల్లటి గది, గోడంత బొమ్మలు. జనం దాన్ని ఎర్ర బోర్డు అనే పిలిచేవారు. కుర్రకారంతా అటే నడిచింది. కొడుక్కి నిద్ర పట్టలేదు.

ఆ రోజుల్లోనే ఊళ్లో పేపరు ఒక పోటీ పెట్టింది. ఊరి హోటళ్లలో, ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో మీకు బాగా నచ్చిన వంటకం ఏది, కూపన్ నింపి పంపండి అని. ఎర్ర బోర్డు బకెట్టే గెలుస్తుందని అందరూ అనుకున్నారు. కానీ డిపోలో డ్రైవర్లు, కండక్టర్లు కూపన్లు కట్టలు కట్టి పంపారు. మాడు చికెన్ గెలిచింది. రెండో స్థానానికి దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు.

బహుమతి ఆదివారం మధ్యాహ్నం, ఒక హాల్లో. వంటక్క మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది. శనివారం కొడుకు వంటగదిలోకి వచ్చాడు.

"పిన్నీ, మీరు కూడా వచ్చేస్తే రేపు ఇక్కడ ఎవరు చూస్తారు? ఆదివారం కదా."

నిజమే అనుకుంది. చీర మడత పెట్టేసింది.

సోమవారం పొద్దున్న ఆమె మొగుడు, డిపోలో మెకానిక్కు, టీ తాగుతూ పేపరు పైకి చదివాడు. ఫోటోలో పెద్దక్క, కొత్త పట్టుచీరలో, షీల్డు పట్టుకుని. పక్కన కొడుకు. కింద కొడుకు వేదిక మీద చెప్పిన మాటలు. "మా తాతగారు పోయారన్న కబురు ఫోన్లో వచ్చినప్పుడు మా అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. బయట అతిథులు కూర్చున్నారు. కన్నీళ్లు దిగమింగుకుంటూ, మాడిన వెల్లుల్లితోనే..."

అక్కడికి వచ్చేసరికి అతని గొంతు నెమ్మదించింది. ఆపేశాడు.

"ఇది మీ నాన్న సంగతి కదా."

"మళ్లీ చదువు" అంది వంటక్క.

మళ్లీ చదివాడు. ఆమెకు ఏడుపు రాలేదు. పేరు రాయకపోతే రాయకపోయారు, అది ఆమెకు అలవాటే. ఫోటోకి పిలవకపోతే మానేశారు. కానీ ఆ ఫోను తనది. ఆ తమ్ముడి గొంతు తనది. చూడలేకపోయిన ఆ మొహం తన తండ్రిది. దాన్ని తీసుకెళ్లి వేదిక మీద పెట్టి చప్పట్లు కొట్టించుకున్నారు.

హోటలుకి వెళ్లేసరికి కొడుకు కౌంటరు దగ్గర షీల్డు తగిలించడానికి గోడకి మేకు కొడుతున్నాడు.

"బాబూ, ఆ మాటలు నీకెవరు చెప్పారు?"

అతను సుత్తి కిందకి దించాడు. మొహంలో సిగ్గు లేదు, చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. "అమ్మ ఎప్పుడో చెప్పింది పిన్నీ. పేపరు వాళ్లు కథ కావాలన్నారు. ఎర్ర బోర్డు వాళ్లకి ఊరంతా బొమ్మలున్నాయి. మనకి కథైనా ఉండాలి కదా."

"కథ కావాలంటే మీ నాన్న పోయిన రోజు సంగతి చెప్పుకోవాల్సింది."

అతని మొహం మాడిపోయింది. "అంత మాట అనాలా? మీరు మా ఇంటి మనిషి. మనలో మనకి నాదీ నీదీ ఏంటి?"

"ఇంటి మనిషినైతే నిన్న నా కుర్చీ ఏది?"

సర్వర్లు బల్లలు తుడవడం ఆపి చూస్తున్నారు. ఆమె గొంతు పెంచలేదు.

పెద్దక్క వెనక గదిలో కూర్చుని ఉంది. వంటక్క గుమ్మంలోనే ఆగింది.

"అక్కా, వాడంటే కుర్రాడు. మీరు కూడానా?"

"వాడు రాసిచ్చాడే. నేను తలూపానంతే."

"ఊపేటప్పుడు నేను గుర్తు రాలేదా?"

పెద్దక్క తన చేతుల వైపు చూసుకుంది. "వచ్చావు" అంది.

అబద్ధం చెప్పి ఉంటే వంటక్క కాస్త ఓర్చుకునేదేమో. ఆ నిజం విన్నాక ఒళ్లు భగ్గుమంది. గుర్తొచ్చి కూడా షీల్డు అందుకుంది. అదే చేత్తో, తన కళ్లు తుడిచిన చేత్తో.

వంటగదిలోకి వెళ్లింది. ముందు రోజు పెరుగులో నానబెట్టిన నలభై కిలోల చికెన్ గిన్నెల్లో ఉంది. పొయ్యి ఆర్పింది. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. బయట బల్లలు నిండుతున్నాయి. కొడుకు వెంటపడ్డాడు, "పిన్నీ, ఈ పూట గడవనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం."

"ఒకసారి మీ నాన్న మాట విని పూట గడిపాను" అని, చెప్పులు వేసుకుని బయటకి నడిచింది.

తిన్నగా పేపరు ఆఫీసుకే వెళ్లింది. ఆ వార్త రాసిన విలేఖరి ఆమె కూతురి ఈడు పిల్ల. విషయం విని పెన్ను మూత పెట్టేసి, "ఓనరు గారు చెప్పిందే రాశామండీ" అంది.

"వండేది ఎవరని అడిగావా అమ్మా? వంటగది తలుపు తీశావా?"

పిల్ల తల దించుకుంది. ఎడిటరు వచ్చాడు. తప్పు జరిగితే లోపలి పేజీలో మూడు లైన్ల సవరణ వేస్తామన్నాడు. అంతలో ఏదో తట్టినట్టు, "అయినా మీరే వండారని మేం ఎలా నమ్మాలి?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఆమె పళ్లు పటపట కొరికింది. "మీ క్యాంటీన్లో పొయ్యి ఉందా?"

ఉంది. కోడి తెప్పించారు, వెల్లుల్లి తెప్పించారు. పెరుగులో నాననిస్తూ మూడు గంటలు అక్కడే స్టూలు మీద కూర్చుంది, ఎవరితోనూ మాట్లాడకుండా. ఆ తర్వాత చికెన్ ఉడికిస్తూనే వెల్లుల్లి రేకులు సన్నటి సెగ మీద వేయించింది. విలేఖరి పిల్ల పక్కన నిలబడి చూసింది. బంగారు రంగు దాటింది, గోధుమ రంగు దాటింది. పిల్ల కంగారుగా, "మాడిపోతోందండీ" అంది. "మాడాలి" అంది వంటక్క. ఘాటు ముక్కులో గుచ్చుకునే ఆ ఒక్క క్షణం చూసి దించేసింది.

ప్రెస్సులో మిషను నడిపే మనిషి, సిరా చేతులు పాత గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి ఒక ముక్క తిన్నాడు. పదకొండేళ్లుగా ఆ హోటల్లో భోంచేస్తున్నవాడు. నమిలాడు. ఆమె మణికట్టు మీది మచ్చ చూశాడు. "చేతులు కూడా ఇవేనండీ" అన్నాడు ఎడిటరుతో. ఎడిటరు విలేఖరి పిల్లని పెన్ను తీయమన్నాడు.

"మూడు లైన్లు కాదు. దీన్ని ఎలా చేయాలో మొత్తం రాయండి. ఏ దశలో ఏం వేయాలో, ఎంతసేపో, ఒక్కటీ దాచను. ఇది వాళ్లమ్మ వంటకం అంటున్నాడు కదా వాడు. ఇకమీద అందరి అమ్మలదీ అవనీ" అంది వంటక్క.

"మీ నాన్నగారి సంగతి కూడా..." అంది విలేఖరి.

"అది వద్దు. ఒకసారి అమ్ముడైంది చాలు. వేదిక మీద చెప్పింది వాళ్లింట్లో జరగలేదు, అది వంటామె ఇంటి దుఃఖం, ఇకమీద ఎవరూ దాన్ని ఎత్తొద్దు అని రాయండి."

అలాగే రాశారు. అర పేజీ వచ్చింది. ఆమె పేరు ఇంటిపేరుతో సహా వచ్చింది. ఆ వారం ఊళ్లో ఎన్ని ఇళ్లలో వెల్లుల్లి మాడిందో లెక్క లేదు. కొందరికి బాగా కుదిరింది, చాలామందికి చేదెక్కింది.

దీంతో ఆమె కోపం తీరిందనుకుంటే పొరపాటు. నెల తిరక్కుండా ఎర్ర బోర్డు వాళ్లు తమ గోడ మీద నల్ల వెల్లుల్లి చికెన్ బొమ్మ పెట్టారు. మొగుడు ఆ రోజు అన్నం తింటూ మెల్లగా అన్నాడు, "ఊరుకుని ఉంటే అది నీ చేతిలోనే ఉండేది."

"నా చేతిలో ఎప్పుడుంది? చేసిన చేతుల్ని కంతలోంచి చూసినవాళ్లే కదా అందరూ."

మర్నాడు తనే ఎర్ర బోర్డుకి వెళ్లి, మెరిసే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెప్పించుకుంది. పంచదార వేశారు. నలుపు కోసం ఏదో పాకం పూశారు. మేనేజరుని పిలిచి, "వెల్లుల్లి మాడ్చడానికి కూడా మీకు ఓపిక లేదా?" అని అడిగింది. అతను నవ్వు మొహంతో, ఫిర్యాదులకి ఒక కాగితం ఇచ్చాడు. ఆమె ఆ కాగితం రెండు వైపులా నింపింది.

హోటలు మూతపడలేదు. కొడుకు ఇద్దరు వంటవాళ్లని పెట్టుకున్నాడు, పేపరు ముక్క ఎదురుగా అంటించి వండించాడు. గిరాకీ సగానికి పడిందని డిపో వాళ్లు చెప్పారు. ఆమెకు సంతోషం కలగలేదు. ఆ పడిన సగంలో తనతో పనిచేసిన సర్వర్ల జీతాలు కూడా ఉన్నాయి. షీల్డు గోడ మీదే ఉంది.

పెద్దక్క ఒక సాయంత్రం ఇంటికి వచ్చింది. వంటక్క తలుపు తీసింది, కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. పెద్దక్క గ్లాసు ఒళ్లో పెట్టుకుని, "నన్ను తిట్టవే, తిడితే నాకు తేలిగ్గా ఉంటుంది" అంది.

"మీకు తేలిగ్గా ఉండడానికి నేనెందుకు తిట్టాలి?"

పెద్దక్క నీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆవిడ మలుపు తిరిగేదాకా వంటక్క గుమ్మంలోనే నిలబడింది.

ఇప్పుడు ఆమె ఒక ఆసుపత్రి క్యాంటీన్లో వండుతోంది. చేరేటప్పుడు ఒక్క షరతు పెట్టింది. తలుపు దగ్గర బోర్డు మీద ఆ రోజు వంటకాలతోపాటు వండినవాళ్ల పేర్లు కూడా రాయాలి. సూపరింటెండెంటు ఇదేం సరదా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒప్పుకున్నాడు. బోర్డు మీద ఆమె పేరు ఒక్కటే ఉండదు. ఉల్లిపాయలు తరిగే ముసలాయన పేరు, గిన్నెలు తోమే ఇద్దరి పేర్లు కూడా సుద్దముక్కతో తనే రాస్తుంది. ముసలాయన మొదటి రోజు తన పేరు కూడబలుక్కుని చదువుకుని, అక్షరం తప్పుందని దిద్దించాడు.

రోగుల వెంట వచ్చినవాళ్లలో ఎవరైనా ఆమెను గుర్తుపట్టి, "పోనీలెండి, ఆలస్యమైనా మీ పేరు బయటికి వచ్చింది కదా" అంటుంటారు. అప్పుడు ఆమె గరిటె కింద పెట్టి, వాళ్ల మొహంలోకి సూటిగా చూసి, "పోనివ్వలేదండీ" అంటుంది. అని, వాళ్ల పళ్లెంలో వడ్డించాల్సింది వడ్డిస్తుంది.