వదిన గొంతు చెప్పిన అంకె

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ముఖం మీదే రుజువు అడిగే మనిషిని నేను. ఇదీ నమ్మమని అడగడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమీర్‌పేటలో అన్నయ్య వాళ్ళింట్లో ఉండి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకునే రోజుల్లో, ఒకసారి కూరలో ఉప్పు తక్కువైందన్నాను. వదిన చుట్టాల ముందే, "ఉద్యోగం లేకపోయినా నాలుకకు మాత్రం లోటు లేదు" అంది. అందరూ నవ్వారు. ఉద్యోగం వచ్చినా ఆ మాట మర్చిపోలేదు. అదే ఇంట్లో మూడేళ్ళు మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే ఇద్దరం గోడకు చెప్పేవాళ్ళం.

కరోనా రెండో విడతలో అన్నయ్య పంజాగుట్టలో ఆసుపత్రి పాలయ్యాడు. వదినకూ జ్వరం. గది తలుపు వేసుకుంది. నేను ఆక్సీమీటర్ కొని గుమ్మం దగ్గర పెట్టాను.

దాంతో వచ్చిన కాగితం చదివాను. గోళ్ళ రంగు తీసేయాలి, చేయి వెచ్చగా ఉండాలి, కదలకుండా కూర్చుని అంకె నిలకడగా ఉండేదాకా ఆగాలి. పై అంకె ఆక్సిజన్, కిందిది నాడి. ఇదంతా చెప్పాలంటే ముందు నేను పలకరించాలి. అడిగితే ఇద్దామని కాగితం జేబులో పెట్టుకున్నాను.

"రాసుకునేవాళ్ళుంటే రాసుకోవచ్చు, తొంభై ఏడు" అని వదిన లోపల్నుంచి గోడకు చెప్పేది. ఒకే అంకె. అది ఏ అంకె అని అడగలేదు. రెండు రోజులు అలాగే పుస్తకంలో రాశాను, నూట నాలుగు అన్నప్పుడు కూడా.

మూడో రోజు పొద్దున్నుంచి ఏమీ వినిపించలేదు. అలిగిందనుకున్నాను. మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు ఉండగా, "శ్రీనూ, ఎనభై రెండు. లోపలికి రా" అని వినిపించింది. వదిన గొంతే. మూడేళ్ళలో పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

తలుపు తోస్తే తెరుచుకుంది. వదినకు స్పృహ లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆక్సీమీటర్ కిటికీలో, దాని డబ్బాలోనే ఉంది. తీసి వేలికి పెట్టి ఆగాను. పైన ఎనభై రెండు. కింద నూట పది.

అంబులెన్స్ పిలిచి తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో నర్సు నా పుస్తకం తిరగేసింది. "గివన్నీ నాడి లెక్కలే ఉన్నయ్ అన్నా, ఆక్సిజన్ నూరు దాటదు గదా. పై నంబర్ ఎవ్వలు చూడలేదా? ఇంకో గంటయితే మస్తు కష్టమైతుండె."

జేబులో కాగితాన్ని ఇంకా లోపలికి తోశాను.

వదిన బతికింది. అన్నయ్యా కోలుకున్నాడు. ఇంటికొచ్చాక నేనే ముందు మాట్లాడాను. ఆ మధ్యాహ్నం తను ఎనభై రెండు అని చెప్పి పిలిచిందని చెప్పాను.

"నేనా? నిన్నా?" అని నవ్వింది. "పొద్దున్నుంచి కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు నాకు. అయినా నేను చూసింది కింది అంకే అని నర్సు చెప్పింది కదా శ్రీనూ. పైదేంటో నాకెవరు చెప్పారు?"

ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ అంతుచిక్కలేదు. వదిన అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబుంది, నేనివ్వని ఆ కాగితం. ఇంకా చెప్పలేదు.