లచ్చయ్య తాత సిగ్నల్

కొడిమ్యాల లచ్చయ్యకు ఒక్కటే పిచ్చి. పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ ఫోన్‌లో తన గొంతు రికార్డు చేసి, ఊరు విడిచిన ప్రతివాళ్లకూ పంపుతాడు. "లచ్చయ్య. కొడిమ్యాల. ఈడనే ఉన్న." అంతే. సిరిసిల్ల మగ్గాల దగ్గరున్నవాళ్లకూ అదే, దుబాయిలో ఇటుకలు మోసేవాళ్లకూ అదే. జ్వరమొచ్చిన రోజు చివర ఓ దగ్గు అదనం.

"డెబ్బై నాలుగేండ్ల ముసలోనివి, ఈడ గాక ఏడుంటవ్ తాతా?" అని రోజూ పట్నం పోయొచ్చే ఆటో దేవేందర్ విసుక్కుని ఆయన నంబరు బ్లాక్ చేశాడు. మర్నాటి నుంచి లచ్చయ్య పొద్దున్నే ఆటో ముందు నిలబడి ఆ ముక్క ముఖానే చెప్పి పోసాగాడు.

అదే ఊరి నవతకు మాత్రం నవ్వు రాలేదు. కోరుట్లలో బట్టల దుకాణంలో పనికి కుదిరిన నాటి నుంచి ఆమె పేరూ ఆ లిస్టులో చేరింది. గల్ఫ్‌లో ఉన్న భర్త వీరేందర్ నాలుగు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదు. చచ్చిపోయాడని కొందరు, ఇంకొకతెను కట్టుకున్నాడని కొందరు. ఆరింటికి ఫోన్ మోగగానే మొగుడేమోనని ఆమె తడి చేతులతో పరుగెత్తేది. "ఈడనే ఉన్న" అనేది లచ్చయ్య గొంతు.

ఒక ఆదివారం బస్సెక్కి కొడిమ్యాల వచ్చి, నేరుగా ఆయన మీదికే పోయింది.

"బంద్ వెట్టు తాతా! ఫోన్ మోగినప్పుడల్ల నా పానం పోతున్నది."

లచ్చయ్య ముఖం వాడిపోయింది.

"నేవీల ఉన్నప్పుడు నన్ను ఓ దీవి మీద ఏసిండ్రు బిడ్డా. తెల్లోళ్లు పెద్ద యుద్ధంల కట్టిన రేడియో స్టేషన్. తుప్పువట్టిన ఫిరంగులు, పీతలు, మేం ఆరుగురం. పొద్దుమాపు సిగ్నల్ పంపుడే పని. ఆ సిగ్నల్ ఇనుకుంట ఓడలు తొవ్వ చూసుకునేటియి. డెబ్బై ఒకటి యుద్ధంల, దుష్మన్ సుత ఇంటడని తొమ్మిది రోజులు బంద్ వెట్టమన్నరు. మాకు నీళ్లు తెచ్చే పడవ తొవ్వ తప్పింది. అండ్ల మనోహర్ అని నా దోస్తు. మళ్ల దొరకలే."

ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు.

"వీరేందర్‌కు సుత రోజు పంపుతున్న. నీ పేరు నువ్వే తీసేసుకో."

నవత లిస్టు తెరిచింది. వీరేందర్ నుంచి ముప్పై ఏడు జవాబులు. ఒక్కటీ విన్నది లేదు.

"తాతా! గివి ఇనలేదా?"

"ఏవి?"

"ఆయన పంపినయి!"

"మా స్టేషన్ల పంపుడే బిడ్డా. ఇనుడు మా డ్యూటీ గాదు."

ఆమె మొదటిది నొక్కింది. "తాతా, కంపెనీ మూసిండ్రు. పాస్‌పోర్ట్ ఇస్తలేరు. నవతకు ఏం మొఖం వెట్టుకొని చెప్పాలె? నీ గొంతు ఇంటేనే జర ధైర్నం. బంద్ వెట్టకు."

చివరిది పన్నెండు రోజుల కిందటిది. "కాయితాలైనయి. పై నెల వస్తున్న. నవతకు జర నువ్వే చెప్పు తాతా."

నవత ఏడుస్తూనే మైకు నొక్కింది. "నేను నవతను! ఇంటికి రా, నీ సంగతి చెప్త!"

లచ్చయ్య గాభరాగా ఫోన్ లాక్కున్నాడు.

"ఒడ్డుకొచ్చే ఓడను గట్ల బెదిరిస్తరా బిడ్డా?"