మా భీమిలి ముందు ఇదెంత

టొరంటో స్కార్‌బరోలో మా పక్క ఫ్లాట్ అంకుల్ నోట "బాగుంది" అనే మాట వినాలని ఆంటీ పెళ్ళైన నాటి నుంచి తపస్సు చేస్తున్నారు. నయాగరానే "నీళ్ళు వృథా" అని కొట్టిపారేసిన మనిషాయన.

ఆ తపస్సు మధ్యధరా తీరంలో ఫలిస్తుందేమోనని, కిందటేడు ఆయన్ను క్రీట్ దీవిలోని హనియాకు లాక్కెళ్ళారు. తోడుగా మేమూ వెళ్ళాం. వందల ఏళ్ళనాటి రేవు, లైట్‌హౌసు, కరిగిన బంగారంలా సాయంత్రపు సముద్రం. మా ఆవిడ అక్కడ తెరిచిన నోరు టొరంటోలో దిగాకే మూసింది. అంకుల్ మాత్రం సుప్రీంకోర్టు జడ్జిలా గొంతు సవరించుకుని తీర్పిచ్చారు.

"మా భీమిలి ముందు ఇదెంత?"

"ఒక్కసారి బాగుందంటే మీ సొమ్మేం పోతుందండీ?" ఆంటీ మొహం తిప్పుకున్నారు.

తిరిగొచ్చాక ఒకరోజు అందరం ఒంటారియో సరస్సు ఒడ్డున నిలబడ్డాం. ఎంత అందంగా ఉందో అన్నాను. అంకుల్ పెదవి విరిచారు. "మా హనియా ముందు ఇదెంత?"

ఆంటీ నిర్ఘాంతపోయారు. "ఓహో, వదిలేసి వస్తేగానీ ఈయనకు విలువ తెలియదన్నమాట" అని, మర్నాడే ఎటోబికోలో చెల్లెలింటికి బయల్దేరారు.

రెండ్రోజులు పోయాక అంకుల్ మా ఇంట్లో కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడ కాఫీ ముందు ఇదెంత?"

మా ఆవిడ కోపాన్ని దిగమింగి, ఎటోబికోకు ఫోన్ చేసి ఆ మాట చేరవేసింది. ఆంటీ ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుని విన్నారు.

"అయితే ఇంకో వారం ఉంటానమ్మా" అన్నారు.