పదిహేడు ఒకట్లు

తునిలో ఆ కిరాణా కొట్టు జోగేశ్వరరావుదీ, తమ్ముడు సాయిరామ్‌దీ. నడిపేది తమ్ముడు. అన్నగారు మూల బల్ల దగ్గర కూర్చుని పన్నెండేళ్లుగా ఒకే ఒక్క సంఖ్యతో కుస్తీ పడుతున్నాడు. వరసగా పదిహేడు ఒకట్లు వేస్తే వచ్చేది: 11111111111111111. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ మహా మొండిఘటం. రెండుతో పోదు, మూడుతో పోదు, చిన్న సంఖ్య దేనితోనూ పోదు. ఏదో పెద్ద సంఖ్యతో మాత్రం శేషం లేకుండా పోతుందని ఓ పాత పుస్తకంలో చదివాడు. దాన్ని తన చేత్తోనే పట్టుకోవాలి, ఫోన్‌లో చూడకూడదు, ఎవరూ చెప్పకూడదు అని ఒట్టు పెట్టుకున్నాడు. తండ్రి పోయి ఇంటర్‌తోనే చదువు ఆగిపోయిన మనిషికి ఆపాటి పంతం ఉండకూడదా?

ఆ పుస్తకం చెప్పిన కిటుకుతో ముప్పైనాలుగేసి దాటుకుంటూ, మూడుతోనో ఐదుతోనో పోయేవి వదిలేసి, రోజుకు పన్నెండు భాగహారాలు చేసేవాడు. ప్రతిదాన్నీ తండ్రి నేర్పినట్టు సరిచూసేవాడు. అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, మిగిలింది రెండు పక్కలా సమానమైతే టిక్కు పెట్టేవాడు.

"ఎంతదాకా వచ్చిందండీ?" అని గుమాస్తాలు రోజూ అడిగేవారు.

"ముప్పై లక్షలు దాటిందయ్యా!" అని పొంగిపోయేవాడు పిచ్చి మారాజు. వాళ్లు బస్తాల చాటుకు పోయి నవ్వుకునేవారు.

ఇంతలో చూపు మందగించింది. రాజమండ్రిలో కంటి డాక్టరు ఇక పుస్తకం ముట్టొద్దన్నాడు. మర్నాడు కొట్టుకొచ్చి, సిగ్గు చంపుకుని తమ్ముణ్ణి అడిగాడు.

"ఒరే సాయీ, ఫోన్‌లో చూసి చెప్పరా. ఇంకా ఎంత దూరం ఉంది?"

"దూరమేంటి అన్నయ్యా, నాలుగేళ్ల కిందటే దాటేశావు. ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడువందల ఇరవై మూడు." సాయిరామ్ ఫోన్ తీయకుండానే చెప్పాడు. గుమాస్తాలు ఈసారి చాటుకు పోలేదు.

జోగేశ్వరరావు ఇంటికెళ్లి భార్యను ఆ సంఖ్య లెక్క చదవమన్నాడు. నాగరత్నం నోటు పుస్తకం తెచ్చి చదివింది. మూడో శేషం చివర 83 వచ్చింది. కింది వరసలోకి దించేటప్పుడు 38 వేశాడు. అంకెలు తారుమారైనా కూడితే పదకొండే గనక తొమ్మిదుల పద్ధతికి ఆ తప్పు దొరకలేదు. పక్కన టిక్కు కూడా ఉంది. చేతికొచ్చినదాన్ని తనే తోసేసి, ఆపైన నాలుగేళ్ల కంటిచూపు ఊరికే పారబోసుకున్నాడు. ఏడుపు ఆగలేదు ఆయనకి.

కాసేపటికి ఇంకోటి తట్టింది. అటక మీద డెబ్భై నోటు పుస్తకాలున్నాయి. నాగరత్నం దేన్నీ వెతకలేదు, సరాసరి అదే తెచ్చి అదే పేజీ తీసింది.

"నీకూ తెలుసా?"

"సాయిరామ్ అప్పుడే చూపించాడండి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేసి ఇంటికొచ్చి కూర్చునేవారు," అంది నాగరత్నం. "పొద్దస్తమానం మీతో నేను వేగలేనండి."