శత్రువు వంతు

హిందీ మాట్లాడే కోహ్కా బస్తీలోని బుద్ధవిహారంలో ఆదివారం పొద్దున మైత్రీధ్యానం నేర్పుతారు. భర్త సురేశ్ పోయాక నిద్ర కరువైన భాగ్యరేఖ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది. ముందు తనకు, తర్వాత అయినవాళ్లకు, ఆపైన ముక్కూమొహం తెలియనివాళ్లకు మేలు కోరుకోవడం పట్టుబడింది. చివరికి శత్రువు వంతు వచ్చింది.

కళ్లు మూసుకుంటే యుగంధర్ మొహం. పక్క వీధి కాంట్రాక్టరు. అతని యార్డులో పాత నూనె టాంకు కడగడానికి దిగిన కూలీ విషవాయువుకి పడిపోతే, కాపాడబోయిన సురేశ్ కూడా ఊపిరాడక లోపలే పోయాడు. యుగంధర్ సుఖంగా ఉండాలని అనుకోబోయి ఆమె ఆ పేరు దగ్గరే ఆగిపోయేది. ఒకనాటి ధ్యానంలో అతను టాంకు అడుగున గిలగిలలాడుతూ కనిపించాడు. అది చూసి తనకు హాయిగా ఉందని తెలిసి ఆమె ధ్యానం మధ్యలోనే లేచిపోయింది.

ధ్యానం నేర్పే గౌరీదేవి ఆమె చెప్పుకున్నదంతా వింది. "ప్రేమ రాకపోతే పోనీ బేటీ. చెడు జరగకూడదని మాత్రం కోరుకో."

ఆ మాటే పట్టుకుని కూర్చునేది. అయినా అదే దృశ్యం, రోజురోజుకీ స్పష్టంగా.

వానలు మొదలయ్యాక యుగంధర్ మళ్లీ పాత టాంకులు తెప్పించాడని తెలిసింది. ఆమె కాలు నిలవక యార్డుకు వెళ్లింది. గాలి కదలడం లేదు. ఒక టాంకు మూత తీసి ఉంది. చుట్టూ కూలీలు, మధ్యలో యుగంధర్.

"ఎవర్నీ దింపకు బాబూ. లోపల గాలి పరీక్ష సేయించేవా?" అంది భాగ్యరేఖ.

"ఏటి వదినా, మళ్లీ అదే గోలా? అక్కడేటీ లేదు. సూడు, నానే దిగుతాను."

కూలీల ముందు చులకన కాకూడదన్న పంతంతో నిచ్చెన దిగాడు. అడుగున బూట్ల చప్పుడు కాసేపు వినిపించి, ఆగిపోయింది.

"సాబ్!" అంటూ ఇద్దరు కూలీలు ఎగబడ్డారు. భాగ్యరేఖ నిచ్చెనను రెండు చేతులా వాటేసుకుంది.

"మత్ ఉత్రో, దిగొద్దు! దిగితే మీరూ పోతారు! ఫైర్ బ్రిగేడ్‌కి ఫోన్ చెయ్యండి!"

లాగారు, తిట్టారు. ఆమె వదల్లేదు. కింద మనిషి ప్రాణం పోతూనే ఉంది. తన చేతులను పట్టి ఉంచింది దయో, కసో ఆమెకే తెలియలేదు.

మాస్కులు తొడుక్కుని దిగిన ఫైర్ బ్రిగేడ్ వాళ్లు యుగంధర్‌ని పైకి తెచ్చారు. బతికాడు. మాట మాత్రం తిరిగి రాలేదు.

ఆస్పత్రి వరండాలో అతని భార్య హేమమాలిని భాగ్యరేఖకు ఎదురొచ్చింది. "నువ్వు కావాలనే ఆపీసేవు. నీ కడుపుమంట సల్లారిందా?"

భాగ్యరేఖ నిచ్చెనను పట్టుకున్న తన చేతుల వంక చూసుకుంది.

కొన్నాళ్లకు యార్డును వేరొకరు తీసుకున్నారు. కొత్త కూలీలు వచ్చిన పొద్దున టాంకుల్లో గాలి పరీక్ష అయ్యిందా అని అడగడానికి వాళ్లకంటే ముందే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది.