బస్సుకు అందని డ్రైవరు

డిపోలో అందరూ అతన్ని నిదానం అనే పిలిచేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గాని, దానితో పిలిస్తే ఒక్కోసారి అతనే పలికేవాడు కాదు. సిటీ బస్సు నడపడంలో అతనికి అతనే సాటి. గతుకుల మీద నుంచి దాటిస్తే నిలబడ్డవాళ్ళ చేతిలో టీ కూడా తొణికేది కాదు. హారన్ కొట్టడమంటే ఎదుటివాణ్ణి తిట్టడమేనని అతని నమ్మకం. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో కూర్చోవడంతో సీటుకి అతని ఆకారం వచ్చింది, అతనికి సీటు ఆకారం వచ్చింది. పొట్ట స్టీరింగుకి ఆనేది.

"ఇంక తిప్పడానికి చేతులెందుకు బావా?" అని మరదలు ఆటపట్టించేది. ఆమె అతని భార్యకు చెల్లెలు. పక్కవీధిలో కాపురం, బడిలో పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగం. మెడలో ఈల లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు.

ఒకరోజు చివరి స్టాపులో ఒక పెద్దావిడ దిగి, చేతికర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ సీట్లో చిన్న డబ్బా ఉండిపోయింది. అందులో వినికిడి మిషను. నిదానం డబ్బా పట్టుకుని కిందికి దూకాడు. "అమ్మమ్మగారూ! ఓ అమ్మమ్మగారూ!" అని అరుస్తూ పరిగెత్తాడు. మిషను ఇతని చేతిలో ఉంటే ఆవిడకేం వినిపిస్తుంది? రెండు దుకాణాలు దాటేసరికి గుండె గొంతులోకొచ్చింది. దీపస్తంభాన్ని కావలించుకుని నిలబడిపోయాడు. పెద్దావిడ తన మానాన తాను మలుపు తిరిగింది. చివరికి బస్సులోంచి ఒకమ్మాయి దిగివచ్చి, డబ్బా తీసుకుని నాలుగంగల్లో వెళ్ళి ఇచ్చొచ్చింది.

తిరిగొచ్చి సీటెక్కుతుంటే వెనకనుంచి ఎవరో అన్నారు. "ఏం డ్రైవరుగారూ, ఇంజను వేడెక్కిందా? నీళ్ళు పొయ్యమంటారా?"

బస్సంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. కానీ ఆ పూట అన్నం సయించలేదు. కర్ర పట్టుకుని నడిచే మనిషిని కూడా అందుకోలేకపోయానన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మరదలి గుమ్మంలో నిలబడ్డాడు. "నాకు పరిగెత్తడం నేర్పు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఎందాకా?"

"ఎందాకా ఏంటి? బస్సు దిగి నలుగురి ముందు పరువు నిలుపుకునేంత చాలు."

"పరువుకి కొలత ఉండాలిగా బావా. చలికాలం వెళ్ళాక మన ఊళ్ళో పరుగుపందెం పెడుతున్నారు. హాఫ్ మారథాన్. ఇరవై ఒక్క కిలోమీటర్లు. దారి చూశావా?" అంటూ ఫోనులో పటం చూపించింది.

నిదానం కళ్ళు చికిలించాడు. డిపో దగ్గర మొదలై, ఊరు దాటి, నది మీది వంతెనెక్కి, ఆస్పత్రి, మార్కెట్టు, కోర్టు మీదుగా స్టేడియం. "ఇది నా రూటే!"

"నీ రూటే. బస్సు మాత్రం ఉండదు."

అలా మొదలైంది. మొదట్లో నడకే. బడి మైదానం చుట్టూ నడిచి నడిచి, ఈల వినపడితే కాసేపు పరుగు, మళ్ళీ వినపడితే నడక. డ్యూటీ బూట్లతో పరిగెత్తి మొదటి వారమే మడమలు బొబ్బలెక్కించుకుంటే, మరదలే దగ్గరుండి మెత్తటి బూట్లు కొనిపించింది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. "మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట ఆగిపోయిందంటే నీది కాని వేగంతో పోతున్నట్టు."

"ఒక్కణ్ణే ఏం మాట్లాడను? పిచ్చివాడనుకుంటారు."

"ఏదో ఒకటి. నోట్లో మాట ఆడుతుండాలి, అంతే."

అతనికి నోటికొచ్చినవి స్టాపుల పేర్లే. తెల్లవారుజామున పాలు తెచ్చుకునేవాళ్ళు, చీకట్లోంచి "మార్కెట్టు... కోర్టు... దిగేవాళ్ళు ముందుకి రావాలి..." అని గొణుక్కుంటూ వస్తున్న భారీ ఆకారాన్ని చూసి పక్కకి తప్పుకునేవారు.

భార్య మొదట్లో ఈ వ్యవహారాన్ని వేడుకగా చూసింది. ఇంట్లోనే కుట్టుమిషను మీద పనిచేసుకునే మనిషి. "గుర్రం ఎక్కలేని వయసులో గుర్రమే అవుతానంటున్నారు మీ బావగారు" అని చెల్లెలితో అని నవ్వేది. కానీ నెలలు గడిచేకొద్దీ మొగుడి ప్యాంట్లు నడుము దగ్గర జారడం, తాను వాటిని విప్పి లోపలికి కుట్టడం మొదలయ్యాక నవ్వు తగ్గించింది.

అంతా సజావుగా సాగుతోందనగా నిదానానికి ఉత్సాహం తలకెక్కింది. మరదలు వద్దన్నా వినకుండా, ఒక ఆదివారం చెప్పిన దూరానికి రెట్టింపు పరిగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు పిక్క పట్టేసింది. ఆటోలో ఇంటికొచ్చాడు.

"వాపు తగ్గేదాకా కాలు కదిపితే ఊరుకోను" అంది మరదలు. "పిల్లలకైనా ఒకసారి చెబితే అర్థమవుతుంది!"

అతను బూట్లు మంచం కిందికి తన్నేశాడు. కాలు బాగుపడ్డాక కూడా వాటిని బయటికి తియ్యలేదు. "ఈ ఒంటికి ఇవన్నీ ఎందుకులే" అన్నాడు.

భార్య మిషను ఆపింది. "ఇన్ని ప్యాంట్లు విప్పి కుట్టాను. ఇప్పుడు మళ్ళీ వెనక్కి విప్పమంటారా? నా వల్ల కాదు. ఒళ్ళు పెంచుకునే పనైతే బట్టలు కూడా మీరే కుట్టుకోండి."

చీపురుతో బూట్లు బయటికి లాగి అతని ముందు పెట్టింది. అతను తొడుక్కున్నాడు.

పందెం సంగతి డిపోలో తెలిసిపోయింది. మీసాలాయన అని ఇంకో డ్రైవరు ఉండేవాడు, నిదానానికి పాత స్నేహితుడు. గడువులోగా పరిగెత్తలేక వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకుని వచ్చే చివరి బస్సు డ్యూటీ అతనికే పడింది. ఆ బస్సు ఒకే వేగంతో మెల్లగా వస్తుంది. అది ఎవరిని దాటితే వాళ్ళ పరుగు అయిపోయినట్టే.

"కిటికీ పక్క సీటు నీకోసమే ఉంచుతాన్రా" అన్నాడు మీసాలు మెలేస్తూ.

"వేరేవాళ్ళకిచ్చెయ్. నాకక్కర్లేదు" అన్నాడు నిదానం.

పందెం రోజు పొద్దున డిపో ముందు జనం. లేళ్ళలాంటి పిల్లలు గెంతుతూ ముందు నిలబడ్డారు. నిదానం అందరికంటే వెనక. ఈల మోగీ మోగగానే, తనూ పందెంలో ఉన్న మరదలు బాణంలా మాయమైంది. అతను తొందరపడలేదు. స్టాపు తర్వాత స్టాపు దాటుకుంటూ పోయాడు. రోజూ అతని బస్సెక్కేవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి గుర్తుపట్టారు.

"అరె, మన డ్రైవరు! ఇవాళ స్టాపులో ఆపరా?"

"ఇవాళ ఎక్స్‌ప్రెస్సమ్మా, ఆగదు!"

వంతెన దగ్గర కథ మారింది. ఆ ఎత్తు మీద రోజూ రెండో గేరు వేసేవాడు, అంతే. ఇన్నేళ్ళలో అది ఇంత ఎత్తని బస్సు తనకి ఒక్కసారైనా చెప్పలేదే అనుకున్నాడు. తొడలు రాళ్ళయ్యాయి. సరిగ్గా అప్పుడే వెనక ఇంజను చప్పుడు వినిపించింది. ఎడమవైపు తలుపు గడగడ, రెండో గేరులో పడగానే వచ్చే మూలుగు. తిరిగి చూడనక్కర్లేదు. అది తన బస్సే. డిపోవాళ్ళు తన బస్సునే పంపించారు.

మీసాలాయన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఎక్కరా! నీ బస్సే, నీ ఇల్లే! దీన్ని ఆపడానికి వీల్లేదు, నా చేతుల్లో లేదు!"

"ఆపొద్దు! ఆపావంటే ఊరుకోను!" అని అరిచాడు నిదానం. "ఇన్నేళ్ళు నేను దాన్ని నడిపాను. ఇవాళ అది నన్ను తోలనీ!"

చేతులు గట్టిగా ఊపుతూ, తల వంచి, చిన్నచిన్న అంగలేస్తూ ఎక్కాడు. బస్సు ముందుభాగం అతని భుజం దాకా వచ్చింది. వంతెన నడినెత్తికి ఇద్దరూ దాదాపు కలిసే చేరారు. ఆ తర్వాత పల్లం. బస్సుకి వేగం పెంచే హక్కు లేదు. అతనికుంది. కాళ్ళు వదిలేశాడు. గాలి చెవుల్లో ఈల వేసింది. ఆస్పత్రి దగ్గరికొచ్చేసరికి ఇంజను చప్పుడు దూరమైంది.

మార్కెట్టు దాటాక మళ్ళీ పిక్క పట్టింది. కుంటుతున్నాడు. నోరు పిడచగట్టుకుపోయింది. ఎదురుగా, మెడలో పతకంతో మరదలు పరిగెత్తుకుంటూ వచ్చింది. తన పరుగు ముగించి, అతనికోసం వెనక్కొచ్చింది.

"మాట్లాడు బావా! నోరు విప్పు!"

"కోర్టు..." అన్నాడు. గొంతు రాలేదు. మళ్ళీ అన్నాడు. "కోర్టు... కోర్టు దిగేవాళ్ళు... ముందుకి రావాలి..."

"గట్టిగా!"

"కోర్టు! తర్వాత స్టేడియం! ఆఖరి స్టాపు స్టేడియం!"

రోడ్డు పక్కనున్నవాళ్ళు అందుకున్నారు. "స్టేడియం! స్టేడియం!" అని చప్పట్లు. అతని కుంటినడక పరుగైంది. స్టేడియం గేటులోకి తిరుగుతుండగా, వెనక ఆ తలుపు గడగడ మళ్ళీ దగ్గరైంది. అతను వెనక్కి చూడలేదు. ముగింపు గీత అవతల కుట్టుమిషను మనిషి రెండు చేతులూ పైకెత్తి, ఎన్నడూ లేనిది, అందరి ముందూ ఒక్క గావుకేక పెట్టింది. "రండీ!"

వెళ్ళాడు. గీత దాటి, ఆగడం చేతకాక, ఆమెనూ దాటి నాలుగడుగులు పోయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. మీసాలాయన దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, చెమటతో ముద్దయిన ఆ ఒంటిని కావలించుకుని, "ఓడించావు కదరా నన్ను!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిదానానికి మాత్రం ఏడుపు రాలేదు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పచ్చిక మీద వెల్లకిలా పడి, ఆకాశంకేసి చూస్తూ, పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వాడు. మరదలు ఎంత సముదాయించినా ఆగలేదు.

మర్నాడు డ్యూటీ. డిపోలో అతను కాళ్ళు వంగక, పీతలా పక్కకి తిరిగి మెట్లెక్కుతుంటే మెకానిక్కులు, కండక్టర్లు, డ్రైవర్లు అందరూ చుట్టూ చేరి బస్సు రేకు మీద అరచేతులతో దరువు వేశారు. డిపో కప్పు అదిరింది. అతను ఇంజను వేశాడు. క్లచ్ తొక్కగానే తొడలో మంట రేగింది. "అబ్బా!" అన్నాడు, నవ్వాడు. గేటు దాటాక మళ్ళీ క్లచ్, మళ్ళీ అబ్బా, మళ్ళీ నవ్వు. డ్రైవరుకి ఇవాళ ఏమైందో తెలియక ముందు సీట్లోవాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు.