ఆవిడ మాట మీద ఎక్కిన కొండ

“ఆంటీ, మమ్మీ నహీ రహీ”, అమ్మ ఇక లేదు అని మా సీనియర్ మేడమ్ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఆవిడ కుర్చీలోనే ఉన్నాను. జబ్బుపడి ఆవిడ సెలవు పెట్టినప్పటి నుంచి ఆ సీటు నాదే. కొండ ప్రాంతాల్లో ఉన్నట్టుండి పొంగే వాగుల గురించి అక్కడి ఊళ్లను ముందే హెచ్చరించడం మా ఇద్దరి పని. ఆవిడంటే నాకు గౌరవం, అంతకు మించి అసూయ. రెండూ ఇంకా పోలేదు.

ఇద్దరం మయూర్ విహార్ నుంచి ఒకే మెట్రోలో వెళ్లేవాళ్లం. ఆవిడ సొంతూరు అనంతపురం వైపు. ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి తను నిలబడేది. దానికీ నాకు ఒళ్లు మండేది. మంచితనంలో కూడా పైచేయి ఆవిడదేనా అని.

ఇద్దరి ముందూ అవే రాడార్ బొమ్మలు. నా బులెటిన్‌లో వంక పెట్టడానికేమీ ఉండేది కాదు. అది పంపేసి నేను టీకి లేచేదాన్ని. ఆవిడ మాత్రం ఊళ్లకు ఫోన్ చేసేది. “భయ్యా, బడి వదిలే లోపు వాగు వస్తుంది. పిల్లల్ని వంతెన దాటనివ్వకండి” అని హిందీలో చెప్పేది.

“బులెటిన్ వెళ్లింది కదా మేడమ్, మళ్లీ ఫోనెందుకు?” అన్నానొకసారి.

“మిల్లీమీటర్లు చెప్తే వాళ్లకేం తెలుస్తాది పాపా? ఏ దోవన పోగూడదో చెప్పాల.”

ఒక వానాకాలం ఆవిడ అంచనా తప్పింది. ఆవిడ మాట మీద ఊరంతా కొండెక్కి, వానలో తడుస్తూ కూర్చుంది. మేఘం పక్క లోయకు పోయింది. వాగు జానెడు కూడా పెరగలేదు. నాకు లోపల పండగే. మర్నాడు ఆ ఊరి ప్రధాన్, అంటే సర్పంచి, ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకర్ ఆన్ చేసింది. తిట్లు వినాలని నేను పని ఆపి మరీ కూర్చున్నాను.

“పిల్లలు తడిశారు దీదీ, అంతే. మళ్లీ అనుమానం వస్తే మళ్లీ చెప్పండి. ఎక్కుతాం” అన్నాడతను.

నా హెచ్చరికలు అక్షరాలా నిజమైన రోజుల్లో కూడా నాకలా ఎవరూ ఫోన్ చేయలేదు. మరుసటి ఏడు ఆ వాగు నిజంగానే వచ్చి ఒడ్డున ఉన్న ఇళ్లను ఊడ్చుకుపోయింది. మనుషులంతా అప్పటికే పైన ఉన్నారు.

ఆవిడను చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు, ఇక ఆ ఊళ్లకు నన్ను ఫోన్ చేయమంది. వాన పడే రోజున చేస్తానన్నాను.

“వాన లేనప్పుడు గూడా చేయాల పాపా. బాగుండారా అని అడగాల. ఆపదప్పుడే పలికితే ఎవురు నమ్ముతారు?”

నేను చేయలేదు. ఆవిడ పోయిన వారానికే ఆ లోయ మీద మేఘాలు కమ్ముకున్నాయి. ప్రధాన్‌కు ఫోన్ చేశాను.

“దీదీ?” అన్నాడు ఆఫీసు నంబరు చూసి.

ఆవిడ లేదని చెప్పాను. ఆవిడ దగ్గర పనిచేసినదాన్నని చెప్పాను.

“అచ్ఛా” అన్నాడు. “ఆవిడ దగ్గర పనిచేశారా? అయితే చెప్పండి. ఎంత టైముంది?”

“మధ్యాహ్నం దాకా.”

ఫోన్ ఇంట్లోనే ఎక్కడో పెట్టేసి ఊళ్లోకి కేకలు వేస్తూ వెళ్లాడు. తలుపులు మూసిన చప్పుడు, పిల్లల పేర్లు, మేకల మెడ గంటలు. వాళ్లు కదిలింది నా మాటకు కాదు. ఆ సంగతి తెలిసి కడుపు మండుతూనే ఉంది, అయినా ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేకపోయాను. గంటల చప్పుడు కొండ మీదికి పోయి పోయి సన్నబడింది. ఆ తర్వాత, మనుషులెవరూ లేని ఆ ఇంటి రేకుల మీద వాన మొదలైంది.